ఆఖరి మాట మా ఆయనది

మా ఇంట్లో ఆఖరి మాట ఎప్పుడూ నాదేనని మా వీధిలో ఎవరిని అడిగినా చెబుతారు. అబద్ధమేమీ కాదు, నా నోరు అలాంటిది. ఇంట్లో దొరకని ఆ ఆఖరి మాట మా ఆయనకి బయట దొరికింది. అదీ సొంతానికి కాదు, నా తమ్ముడి కోసం.

ఆయన పరుపులు కుట్టేవాడు. బజారు చివరి పరుపుల కొట్టులో ముందు గదిలో అమ్మకం, వెనక గదిలో పని. ఫోమ్ షీట్లు కొలతకి కోయడం, పైన గుడ్డ తొడగడం, జానెడు సూదితో అంచులు కుట్టడం, మధ్యమధ్య గుండీలు పెట్టి లాగి బిగించడం. ఆ పరుపులకి గుడ్డ తొడుగులు ఇంట్లో మిషను మీద కుట్టి ఇచ్చేదాన్ని నేను. నోట్లో నాలుక లేని మనిషని మా అమ్మ ఏరి కోరి తెచ్చిన సంబంధం. "నీ నోటికి అలాంటివాడే సరిపోతాడు" అంది. అది పొగడ్తో తిట్టో నేను ఇప్పటికీ తేల్చుకోలేదు. పెళ్ళయిన కొత్తలో ఆయన్ని మీరు అనేదాన్ని. కోపం వచ్చినప్పుడు మాత్రం నువ్వు అని వచ్చేసేది. కోపాలు ఎక్కువై చివరికి నువ్వే నిలిచిపోయింది. ఆయన దానికీ ఏమీ అనలేదు.

అమ్మ పోయేనాటికి తమ్ముడు ఇంకా బడికి వెళుతున్నాడు. పుస్తకాల సంచీతో సహా మా ఇంటికి వచ్చేశాడు. వాడికి చిన్నప్పటినుంచీ ఉబ్బసం. నాలుగు మెట్లెక్కితే ఛాతీలో పిల్లికూతలు. అలాంటివాడు ఏ క్యారంబోర్డో ఆడుకోవాలి గానీ, పోయి పోయి ర్యాప్ పట్టుకున్నాడు. గుక్క తిప్పుకోకుండా మాట మీద మాట విసరాల్సిన పాట అది. పైగా తనకి తాను పెట్టుకున్న పేరు తుపాను. "ఊపిరాడని తుపానుని ఎక్కడైనా చూశావా?" అని నేను మా ఆయనతో అంటే, నవ్వు ఆపుకుని, "వాడి ముందు అనకు" అనేవాడు.

పాటలు ఫోన్లోనే రికార్డు చేసుకునేవాడు. ఇంట్లో చేస్తే నా మిషను చప్పుడు, పక్కింటి మొగుడూ పెళ్ళాల గొడవ, వీధిలో హారన్లు, అన్నీ పాటలోకి వచ్చి కూర్చునేవి. ఒకరోజు బావకి భోజనం డబ్బా ఇచ్చి రమ్మని వాడిని పంపాను. వెనక గదిలో నిలువుగా ఆనించిన ఫోమ్ షీట్ల మధ్య నిలబడి ఏదో అన్నాడట. తన గొంతు తనకే కొత్తగా వినిపించిందట. చప్పుడంతా ఫోమ్ తాగేస్తుంది కదా. "గోడకి చెప్పుకున్నట్టు అంటాం గానీ అక్కా, పరుపుకి చెబితే అది వింటుంది" అన్నాడు ఇంటికొచ్చి. ఆ రోజునుంచి యజమాని భోజనానికి ఇంటికి వెళ్ళిన వేళలో ఆ గది వాడి స్టూడియో అయిపోయింది.

మా ఆయన వాడి పాటకి తోక కావడం కూడా అక్కడే జరిగింది. తమ్ముడు మా అద్దె ఇంటి మీద పాట కట్టాడు. "మేడ మీద మీకు గాలి, మెట్ల కింద మాకు..." అంటూ వచ్చి, సరిగ్గా ఆఖరి మాట దగ్గర ఊపిరి అయిపోయి ఆగిపోతున్నాడు. ఎన్నిసార్లు మొదలుపెట్టినా అక్కడే. పక్కన కూర్చుని సూదిలో దారం ఎక్కిస్తున్న మా ఆయన తల ఎత్తకుండానే, "జాలి" అన్నాడు.

రికార్డులో అది పడింది. విని చూసుకుంటే తమ్ముడి గొంతు సన్నగా ఉరుకుతూ వచ్చి ఆగిపోయింది, ఒక క్షణం ఏమీ లేదు, ఆ తర్వాత పక్కనుంచి తాపీగా, లావుగా ఆ ఒక్క మాట. తమ్ముడు ఫోన్ చేతిలో పట్టుకుని బావ కాళ్ళ దగ్గర చతికిలబడి, "బావా, నువ్వు రేపు కూడా ఇక్కడే ఉంటావు కదా?" అని అడిగాడట. "ఉద్యోగం కదరా, ఎక్కడికి పోతాను" అన్నాడట ఈయన.

అలా మొదలైంది. వాడు లైను మొదలుపెట్టడం, తోక ఈయన అందుకోవడం. వాడు ఆ సందులో ఊపిరి పీల్చుకుని తర్వాతి లైనుకి దూకడం. వినేవాళ్ళకి అది ఉబ్బసమని తెలియదు, స్టైల్ అనుకున్నారు. కాలేజీ హాల్లో పాడారు, ఆటల మైదానంలో పాడారు, ఒకసారి బస్సు డిపో షెడ్డులో పాడారు. తమ్ముడు ముందు, బావ ఎడమ పక్కన ఒక అడుగు వెనక. తలకి పేరు తుపాను, తోకకి పేరు తోకే. మా ఆయన కొన్నిసార్లు కావాలని మాట మార్చేవాడు. "బస్సులో సీటు కోసం పోరు, దిగేసరికి జేబుకి..." అని వాడంటే, రాసుకున్న మాట "బోరు". ఈయన "చిల్లు" అన్నాడు. ప్రాస కుదరకపోయినా డిపో షెడ్డంతా పడీ పడీ నవ్వింది. ఇంట్లో ఉప్పు తక్కువైందని చెప్పడానికి కూడా మొహమాటపడే మనిషి అక్కడ మైకు పట్టుకుని జనాన్ని నవ్విస్తుంటే, నాకు గర్వంగా ఉండేది, కొంచెం కుళ్ళుగానూ ఉండేది. నాకు తెలియని మనిషి ఒకడు ఆయనలో ఉన్నాడని నాకంటే ముందు నా తమ్ముడికి తెలిసింది.

తర్వాత సినిమావాళ్ళు వచ్చారు. అప్పట్లో డైరెక్టర్లకి ర్యాప్ పాడేవాళ్ళంటే మోజు పుట్టింది. నటన నేర్పక్కర్లేదు, జనం ముందు నిలబడటం ముందే వచ్చు, మొహంలో కసి ఉంటుందని వాళ్ళ లెక్క. డిపోలో ఎవరో తీసిన వీడియో చూసిన ఒక డైరెక్టరు తమ్ముడిని పిలిపించుకున్నాడు. విలన్‌కి తమ్ముడి వేషం, కథ మధ్యలో అన్నకి ఎదురు తిరుగుతాడు, మంచి వేషమే. వాడి సంబరం చెప్పనలవి కాదు. ఇల్లంతా తిరిగి, నన్ను ఎత్తబోయి, ఆయాసం వచ్చి మధ్యలోనే దింపేశాడు. "జనమంతా నా గొంతు వింటారక్కా" అన్నాడు. కనపడతానని అనలేదు. నాకు బాగా గుర్తు, వింటారన్నాడు.

షూటింగులో మొదటి రోజే తిరకాసు పడింది. డైలాగు ఇది: "నీ కోసం ఎవరినైనా కొడతాను అన్నా, ఆ ఇంటి జోలికి మాత్రం వెళ్ళను." వాడు "ఆ ఇంటి జోలికి మాత్రం" అని ఆగి, ఎడమ పక్కకి చూస్తున్నాడు. మళ్ళీ తీశారు, మళ్ళీ అంతే. డైలాగు మర్చిపోతున్నాడనుకుని అసిస్టెంటు ఆ ఒక్క మాట అట్ట మీద రాసి కెమెరా పక్కన పట్టుకున్నాడు. అయినా అంతే. డైరెక్టరు, "ఆఖరి మాట మింగేస్తున్నావేంటయ్యా?" అంటే, వీడు, "చెప్పాను కదండీ" అన్నాడు. వాదించాడు కూడా. తీసింది వేసి చూపించేదాకా నమ్మలేదు. ఎందుకంటే వాడి చెవిలో ఆ మాట పడుతూనే ఉంది. ఇన్నాళ్ళూ ప్రతి లైనుకీ తోక దానంతట అదే వచ్చేది. తన నోరే అంటోందని వాడి ప్రాణానికి అలవాటైపోయింది.

సాయంత్రం ఫోన్ చేశాడు. గొంతులో ఏడుపు. "బావని పంపక్కా, నన్ను తీసేస్తారు" అన్నాడు. పెద్ద పెళ్ళివారి పరుపులు సగంలో ఉన్నాయి. నేను వద్దన్నాను. మా ఆయన అప్పటికే చొక్కా మార్చుకుంటున్నాడు. "వాడికి ఊపిరి అందట్లేదే" అన్నాడు, అదేదో వీధి చివర జరుగుతున్నట్టు.

అక్కడ ఆయన్ని కెమెరాకి ఎడమ పక్కన, కనపడకుండా నిలబెట్టారు. తమ్ముడు డైలాగు చెప్పి అటు చూడటం, ఈయన అక్కడినుంచి "వెళ్ళను" అనడం. మాటలు ఎలాగూ తర్వాత స్టూడియోలో చెప్పిస్తారు కాబట్టి ఇప్పుడు ఎవరన్నా ఫరవాలేదన్నారు. తమ్ముడి మొహం ఒక్కసారిగా తేటపడింది. మాట ఆపి పక్కకి చూసే ఆ చూపు డైరెక్టరుకి తెగ నచ్చేసింది. షూటింగు అయ్యేదాకా మా ఆయన కొట్టుకి సెలవు పెట్టుకుంటూ, యజమాని తిట్లు తింటూ వెళ్ళొచ్చాడు. అన్నాళ్ళూ వాళ్ళిద్దరూ బాగానే ఉన్నారు. ఆ మాట చెప్పకపోతే అన్యాయం. రాత్రిళ్ళు మా ఇంటి మెట్ల మీద కూర్చుని ఒకరి వేషాలు ఒకరు వెక్కిరించుకుంటుంటే, నేను అన్నాలు చల్లారిపోతున్నాయని లోపలినుంచి అరిచేదాన్ని.

చిక్కంతా డబ్బింగులో వచ్చింది. చూద్దామని ఆ రోజు నేనూ వెళ్ళాను. గది గోడలనిండా ఫోమ్ అతికించారు. మా ఆయన వెళ్ళీ వెళ్ళగానే దాన్ని బొటనవేలితో నొక్కి చూసి, "నాసిరకం" అన్నాడు నా చెవిలో. అద్దం అవతల ఇంజనీరు, ఇవతల మైకు, ఎదురుగా తెర మీద తమ్ముడి బొమ్మ. తమ్ముడు బొమ్మని చూస్తూ చెప్పాలి. చెప్పాడు. ఆ గదిలో వాడి ఊపిరి మాటకంటే గట్టిగా వినిపించింది. మాట మాటకీ మధ్య పిల్లికూత. ఆఖరి మాటకొచ్చేసరికి మళ్ళీ ఎడమ పక్కకి చూపు. మా ఆయన్నీ లోపలికి పంపి తోక అందుకోమన్నారు. ఒకే మనిషి నోట్లో రెండు గొంతులు ఎలా కుదురుతాయి? పాటలో కుదిరినది సినిమాలో కుదరలేదు.

నిర్మాత వచ్చి విన్నాడు. "రౌడీ తమ్ముడయ్యా వీడు, ఆస్పత్రి నుంచి లేచొచ్చినట్టుంది" అన్నాడు. డబ్బింగు చెప్పేవాళ్ళని ఇద్దరిని పిలిపించారు. వాళ్ళు దిట్టలే, కానీ వీడు ఎక్కడ ఆగుతాడో ఎక్కడ ఉరుకుతాడో వాళ్ళకి పట్టుబడలేదు. అప్పుడు ఆ ఇంజనీరు మా ఆయన వంక చూసి, "అన్నా, తోక ఒక్కటే కాదు, మొత్తం మీరే చెప్పి చూడండి" అన్నాడు.

మా ఆయన చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. "తల వాడిదండీ. నాది తోకే" అన్నాడు.

అందరూ తమ్ముడి వైపు చూశారు. వాడు నేల వంక చూస్తున్నాడు. అలా చూస్తూనే, "నువ్వే చెప్పు బావా. ఎవడో చెప్పేకంటే నయం" అన్నాడు. అని బయటికి వెళ్ళి మెట్టు మీద కూర్చున్నాడు. నేను వెనకే వెళ్ళి పక్కన కూర్చున్నాను. నాకు మాటలు కరువైన సందర్భాలు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు, వాటిలో అదొకటి. లోపల తలుపు మూసుంది, ఏమీ వినపడటం లేదు. వాడు జేబులోంచి పీల్చే మందు తీసి, మూత పెట్టడం, తీయడం చేస్తూ కూర్చున్నాడు.

మా ఆయన ఒక్క రోజులో మొత్తం చెప్పేశాడు. అన్నేళ్ళు వాడి ప్రతి లైను ఎక్కడ తెగుతుందో కాచుకుని ఉన్న చెవి అది. వాడి పెదవి ఎప్పుడు కదులుతుందో ఆయనకి ముందే తెలుసు. ఒక్కటే పోలేదు, ఆయన అలవాటు. ప్రతి డైలాగులో ఆఖరి మాటకి ముందు ఆగేవాడు, తన వంతు అప్పుడే వచ్చినట్టు. అది అలాగే ఉంచేశారు.

సినిమా ఆడింది. జనానికి హీరోకంటే మా తమ్ముడు ఎక్కువ నచ్చాడు. ఆ ఆగి చెప్పే ఆఖరి మాట ఊరందరి నోళ్ళలో పడింది. కూరగాయలబ్బాయి కూడా నాతో, "దీనికంటే తగ్గించి మాత్రం... ఇవ్వను" అన్నాడు. నవ్వాలో ఏడవాలో తెలియక సంచీ అందుకుని వచ్చేశాను. పక్కింటావిడ, "సొమ్మొకడిది సోకొకడిది అంటే ఇదే కాబోలు" అంది. ఆవిడ అన్నది మా ఆయన తరఫునే అయినా నాకు ఒళ్ళు మండింది. సోకు చేసుకుంటున్నది ఎవరు? తెర మీద తన మొహం, తన పెదవులు, లోపల ఇంకొకడి గొంతు. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది వాడి బతుకు.

సినిమా తర్వాత మొదటి ప్రదర్శనకి మైదానం నిండిపోయింది. పాట మొదలుపెట్టకముందే డైలాగు, డైలాగు అని అరిచారు. వాడు తన గొంతుతో చెప్పాడు. ముందు వరస నవ్వింది. ఎవడో "డూప్" అని కేకేశాడు. వాడి గొంతు వాడిది కాదని జనం తేల్చేశారు. ఆ తర్వాత ప్రదర్శనకి వాడొక ఉపాయం చెప్పాడు. బావ తెర వెనక మైకు పట్టుకుని పాట మొత్తం పాడాలి, తను ముందు నిలబడి పెదవులు కదుపుతాడు. మా ఆయన ఒక్కసారికి ఒప్పుకున్నాడు. ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చుని, తినకుండానే చెయ్యి కడిగేసుకున్నాడు.

సినిమా ఆడాక వేరే గదికి మారిన వాడు, రెండోసారి అడగడానికి మా ఇంటికొచ్చాడు. నేను మిషను దగ్గర ఉన్నాను. "సినిమా సంగతి వేరురా. అది ఎవరో రాసిన మాట" అన్నాడు మా ఆయన. "పాట నీది. నీ గొంతుతో నువ్వు పాడు. తోక నేను అందుకుంటా. అంతకంటే నాకొద్దు."

"నా గొంతు ఎవడిక్కావాలి బావా?"

"నాక్కావాలి."

"నువ్వొక్కడివి వింటే సరిపోతుందా?" అన్నాడు వాడు. ఆయాసం మొదలైంది. మాటలు ముక్కలు ముక్కలుగా వస్తున్నాయి. "నాకున్నది అదొక్కటే. దాన్ని నువ్వు... దొంగిలించావు." ఆ లైను మాత్రం ఎవరి సాయం లేకుండా పూర్తి చేశాడు.

నేను మిషను ఆపి లేచాను. అనాల్సినవన్నీ అన్నాను, వెనక్కి తీసుకునేదేమీ లేదు. వాడు చెప్పులు వేసుకుని వెళ్ళిపోయాడు. మా ఆయన వాడి పీల్చే మందు బల్ల మీదే ఉండిపోయిందని చూసి, అది పట్టుకుని వీధి మలుపు దాకా పరుగెత్తాడు. ఇచ్చి వచ్చాడు. ఏమన్నాడని అడిగితే, "తీసుకున్నాడు" అన్నాడు.

ఆ తర్వాత వాళ్ళిద్దరూ పక్కపక్కన నిలబడింది లేదు. తమ్ముడు ర్యాప్ మానేసి సినిమా వెనక సినిమా చేశాడు. ప్రతి సినిమాకీ మేనేజరు ఫోన్ చేసేవాడు, మా ఆయన వెళ్ళి వాడి వేషానికి మాటలు చెప్పి వచ్చేవాడు. ఆయన వెళ్ళే వేళకి వాడు ఉండేవాడు కాదు. దొంగ అన్నవాడికి గొంతు ఇవ్వడమేమిటని నేను అడగని రోజు లేదు. "సిగ్గూ శరం లేదా నీకు?" అని కూడా అన్నాను. సూదిలో దారం ఎక్కిస్తూ, "వాడికి అందదే. ఎవరో ఒకరు అందుకోవాలిగా" అనేవాడు. వెనక గదిలో వాడు నిలబడే చోటుని సామాను పెట్టకుండా అలాగే వదిలాడు. యజమాని కసురుకుంటే అక్కడ తేమ ఉందని చెప్పాడట. నోట్లో నాలుక లేదంటారు గానీ, అబద్ధం చెప్పాల్సి వచ్చినప్పుడు బాగానే చెప్పాడు. ఆయన కోరిందల్లా ఒక్కటే, వాడు ఒకరోజు వచ్చి ఆ చోట నిలబడి తన పాట తను పాడాలి, పక్కన తను ఉండాలి. "వస్తాడు" అనేవాడు. నాకు నమ్మకం లేదు, కానీ ఆ మాట ఆయనతో అనలేకపోయాను.

తమ్ముడు కొత్త ఇల్లు కట్టుకున్నాడు. ఆ ఇంటికి పరుపులు మా కొట్టులోనే చెప్పారు. వాడి మనిషి వచ్చి కొలతలిచ్చి వెళ్ళాడు. పేరు చూసి మా ఆయన ఆ పని ఇంకెవరి చేతికీ ఇవ్వలేదు. ఉబ్బసం ఉన్నవాడు వెల్లకిలా చదునుగా పడుకోలేడు కదా. ఎవరూ అడగకుండానే ఒక పరుపుకి తల వైపు పొరలు పెంచి, నడుము దగ్గరికి వచ్చేసరికి సమంగా కలిసిపోయేలా ఏటవాలుగా కోసి కుట్టాడు. పట్టి చూస్తే తప్ప కంటికి తెలియదు. పడుకున్నవాడికి తెలుస్తుంది.

కొన్నాళ్ళకి ఒక మధ్యాహ్నం ఫోన్ మోగింది. తమ్ముడి నంబరు. మా ఆయన పట్టుకుని నిలబడ్డాడు. పక్కన ఉన్న నాకూ వినిపిస్తోంది. చాలాసేపు అవతల ఊపిరి తప్ప ఏమీ లేదు. చివరికి వాడు, "బావా, పరుపు..." అని ఆగిపోయాడు.

"బాగుందా?" అన్నాడు మా ఆయన.

"ఆదివారం వస్తాను" అన్నాడు వాడు.

ఆ ఆదివారం షూటింగు పడింది. తర్వాత ఆదివారమన్నాడు. మా ఆయన తనే పోయి వెనక గది ఊడ్చి వచ్చాడు. గుబులో సంతోషమో, రెండు రోజులు నా మీద ఊరికే జోకులు వేశాడు. ఆ మధ్యలో, శుక్రవారం, కొట్టులో అంచు కుడుతూ కుడుతూ పరుపు మీదికి ఒరిగాడు. పరుపుల కొట్టులో మనిషి పరుపు మీద ఒరిగితే ఎవరికి అనుమానం వస్తుంది? కుట్టినవాళ్ళు పడుకుని చూసుకోవడం అక్కడ పనిలో భాగమే. అలిసిపోయాడు, పడుకోనీ అనుకున్నారు. కొనడానికి వచ్చినవాళ్ళతో కూడా మెల్లగా మాట్లాడారట, లేస్తాడేమోనని. నాకు కబురు వచ్చేసరికి ఆయన చేతులు చల్లబడిపోయాయి. గుండె అన్నారు డాక్టర్లు. అంతమంది మధ్య ఒక్కరైనా తట్టి లేపి ఉంటే అని నేను ఇప్పటికీ అనుకుంటాను. వాళ్ళ తప్పు లేదని తెలిసీ ఆ కొట్టు ముందునుంచి నడవలేను.

తమ్ముడు వచ్చాడు. చెప్పిన ఆదివారానికి కాదు, ఆ రాత్రికే వచ్చాడు. వాడిని చూడటానికి వీధినిండా జనం చేరారు. నేను వాడితో మాట్లాడలేదు. వాడు పోయి బావ కాళ్ళ దగ్గర కూర్చున్నాడు. ఫోన్లు పైకెత్తి ఫొటోలు తీస్తున్న వాళ్ళ మీద పక్కింటావిడ నీళ్ళు చల్లి తరిమింది. ఆవిడకి ఆ రోజునుంచి నేను అన్నీ మాఫీ చేశాను.

నెలలు గడిచాక, ఒకరోజు పొద్దున్నే వచ్చాడు. ఈసారి ఒక్కడే, బస్సులో వచ్చాడు. బావ పోయేనాటికి ఒక సినిమా డబ్బింగు సగంలో ఉందట. ఇంటర్వెల్ దాకా ఆయన చెప్పేశాడు, మిగతాది మిగిలిపోయింది. అంతా చెరిపి మొదటినుంచీ వేరే గొంతు పెడదామన్నాడట నిర్మాత. వీడు ఒప్పుకోలేదు. బావ చెప్పింది ముట్టుకోవడానికి వీల్లేదన్నాడు. మిగతా సగం తనే చెప్పాడట. మూడు సినిమాల డబ్బింగు అయ్యే కాలం పట్టిందని నవ్వబోయాడు. "కొన్ని డైలాగులు పూర్తయ్యాయక్కా. కొన్నిటికి ఆఖరి మాట రాలేదు. రానివి అలాగే వదిలెయ్యమన్నాను." సినిమా ఆ రోజే విడుదల. నువ్వు రావాలి అన్నాడు. "ఇక నాకు వేషాలు రావు. అది నాకు తెలుసు. నువ్వొక్కదానివి వస్తే చాలు."

వెళ్ళాను. వాడి కోసం వెళ్ళానని చెప్పను. ఆయన గొంతు కోసం, అందులో నేను ఇంకా వినని మాటల కోసం వెళ్ళాను. ఫోన్లో కూడా ఎక్కడా దాచుకోలేదు నేను, ఇంట్లో ఉండే మనిషి గొంతు ఎవరు దాచుకుంటారు?

హాల్లో చివరి వరసలో, టోపీ కిందికి లాక్కుని వాడు, పక్కన నేను. తెర మీద వాడి మొహం వచ్చింది, నోరు తెరిచింది, మా ఆయన మాట్లాడాడు. నేను తెర వంక చూడలేక, చూడకుండా ఉండలేక అవస్థ పడుతున్నాను. పెదవులు వీడివి, గొంతు ఆయనది. బతికి ఉండగా పక్కపక్కన నిలబడలేకపోయిన ఇద్దరూ ఒక్క ఒంట్లో ఇరుక్కుని ఉన్నారు.

తమ్ముడు నా వైపు వంగాడు. "కళ్ళు మూసుకుని విను అక్కా" అన్నాడు. "నా మొహం అడ్డు."

మూసుకున్నాను. వాడి మొహం పోయింది, ఆయన మిగిలాడు. ఆయన కోప్పడ్డాడు, బెదిరించాడు, ఎవరినో బతిమాలాడు. ఇంట్లో ఒక్కనాడూ కోప్పడని మనిషి. ఒకచోట ఎవరో అమ్మాయితో, "నువ్వు లేకపోతే నేను... లేను" అన్నాడు. కాపురం చేసినన్నాళ్ళూ నాతో ఆ మాట అనలేదు. డైలాగేనని తెలుసు, ఎవరో రాసిన మాటేనని తెలుసు. అయినా చీకట్లో అది నాకే అన్నాడనుకున్నాను. అనుకుంటే ఎవరిదేం పోయింది?

ఇంటర్వెల్‌లో దీపాలు వెలిగాయని రెప్పల మీద తెలిసింది. జనం లేచారు, తిన్నారు, మళ్ళీ కూర్చున్నారు. నేను కళ్ళు తెరవలేదు. తమ్ముడు తెరవమని అనలేదు. మళ్ళీ చీకటి పడి, పాటేదో వచ్చి వెళ్ళింది. ఆ తర్వాత పిల్లికూతతో, తెగిపోతూ ఒక సన్నటి గొంతు మొదలైంది. ముందు వరసల్లో ఎవరో నవ్వారు, ఇంకెవరో ఈల వేశారు.

తమ్ముడి చెయ్యి నా చేతి మీద పడింది.

"కళ్ళు తెరువు అక్కా" అన్నాడు. "ఇక్కడినుంచి బావ లేడు."

తెరవడానికి నాకు చాలాసేపు పట్టింది.